ఎల్‌నినో వస్తే కరవేనా? పేచీ మొదలైంది 2002లో

పసిఫిక్ మహాసముద్రపు నీరు మామూలుకంటే వేడెక్కడాన్నే ఎల్‌నినో అంటారు. అది వేడెక్కుతోందన్న వార్త రాగానే పాత వాదాలు రెండూ మళ్లీ లేచాయి. ఎల్‌నినో అంటే కరవేనని కొందరు, వాతావరణ శాఖ అంకెలు ఎప్పుడూ నిలబడవని మరికొందరు. రెండింటి మూలమూ 2002 ఖరీఫ్‌లో ఉంది.

ఆ ఏడాది నైరుతి వానలు దీర్ఘకాలిక సగటులో 101 శాతం ఉంటాయని వాతావరణ శాఖ అంది. పడింది 81 శాతం. జూన్ వానకు విత్తనం వేశాక జులైలో మబ్బు మాయమైంది. ఆ నెల వాన దాదాపు సగానికి పడిపోయి, లేత పైర్లు ఎండాయి. వానల అంచనాకు ఆ శాఖ 1988 నుంచి వాడుతున్న 16 అంశాల లెక్కల నమూనా ఎల్‌నినోను లెక్కలోకి తీసుకున్నా ఈ దెబ్బను పట్టలేకపోయింది. మరుసటి ఏడాదే దాన్ని పక్కనపెట్టారు.

విచిత్రమేమిటంటే, 2002 ఎల్‌నినో ఓ మోస్తరుదే. 1997లో అంతకంటే ఎంతో బలమైనది వచ్చినా 102 శాతం వాన పడింది. ఈ చిక్కుముడిని 2006లో పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) శాస్త్రవేత్త కె. కృష్ణకుమార్ బృందం విప్పింది. 1997లో వేడి పెరూ తీరం వైపు పోగైంది, 2002లో మధ్య పసిఫిక్‌లో. నీరు వేడెక్కినచోట లేచిన గాలి మరోచోట దిగాలి. దిగేచోట మబ్బు కట్టదు. వేడి మధ్య పసిఫిక్‌లో ఉన్నప్పుడు ఆ దిగే గాలి భారత్ మీదికే వస్తుంది. ఎల్‌నినో బలాన్ని మాత్రమే చూసి కరవని తేల్చేసేవారు వదిలేస్తున్నది దీన్నే.

మన హిందూ మహాసముద్రానిదీ ఇందులో పాత్ర ఉంది. ఆఫ్రికా వైపు నీరు వేడిగా, సుమత్రా వైపు చల్లగా ఉంటే దాన్ని పాజిటివ్ ఐఓడీ (ఇండియన్ ఓషన్ డైపోల్) అంటారు. ఇది మన వానలకు సాధారణంగా తోడ్పడుతుంది. ఈ తీరును 1999లో గుర్తించారు. 2019 జూన్‌లో 33 శాతం లోటున్నా సీజన్ 110 శాతంతో ముగిసింది. ఆ ఏడాది ఐఓడీ చాలా బలంగా ఉంది.

2023లో ఎల్‌నినో, పాజిటివ్ ఐఓడీ రెండూ వచ్చాయి. ఏప్రిల్ అంచనా 96 శాతం, పడింది 94. అంకె నిలబడింది. కానీ జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మి.మీ. కురిస్తే, ఆగస్టు 1901 తర్వాత అతి పొడి ఆగస్టు అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 103 మండలాలను కరవు మండలాలుగా ప్రకటించారు. డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటి కోతకొచ్చిన వరిని ముంచింది. ఎల్‌నినో ఏడాదుల్లో ఈశాన్య రుతుపవనాలు సాధారణంగా బలపడతాయి కాబట్టి దక్షిణ కోస్తా ఖరీఫ్ లోటుతో పాటు ఏడాది చివరి ముంపుకూ సిద్ధపడాలి.

ఏప్రిల్ అంకె దేశం మొత్తానిది, దానికి 5 శాతం అటూఇటూ ఉంటుంది. పైగా మార్చి నుంచి మే దాకా పసిఫిక్ పోకడను ముందే పట్టడం కష్టం. మే చివరి సవరణ, జూన్‌లో ఐఓడీ కదలిక చూశాకే ఏదైనా అనాలి. వర్షాధార పైర్లకు తేలిక నేలల్లో 50–60 మి.మీ., బరువు నేలల్లో 60–75 మి.మీ. పడ్డాకే విత్తాలి.