109 గోల్స్ మాటున మరుగున పడిన అలీ దాయీ: అపోహలు - వాస్తవాలు

ఫుట్‌బాల్‌లో ఫార్వర్డ్‌లకు శిక్షణ ఇవ్వడం నా పని. గోల్ ముందు ఎక్కడ నిలబడాలి, క్రాస్ వస్తుంటే ఎప్పుడు కదలాలి, డిఫెండర్ వీపు మీదకి వచ్చేసినా బంతిని ఎలా కాపాడుకోవాలి... రోజంతా ఇవే మాటలు. ఈ పాఠాలకు నేను చూపించే ఆటగాళ్లలో ఇరాన్ సెంటర్ ఫార్వర్డ్ అలీ దాయీ ఒకడు. 2021లో క్రిస్టియానో రొనాల్డో, దాయీ పేరిట ఉన్న 109 అంతర్జాతీయ గోల్స్ రికార్డును దాటినప్పుడు మనవాళ్లలో చాలామంది ఆ పేరు మొదటిసారి విన్నారు. "చిన్న జట్ల మీద కొట్టినవేగా" అనే మాట కూడా అప్పటినుంచే మొదలైంది. మా కుర్రాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు, తోటి కోచ్‌లు అతని గురించి అనే మాటల్లో కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. ఆ సంఖ్య గురించే అందరూ మాట్లాడుతున్నారు, ఆట గురించి ఎవరూ మాట్లాడటం లేదన్నదే నా బాధ.

అపోహ: గోల్స్ అన్నీ చిన్న జట్ల మీదే

కొంత నిజం ఉంది. 2004 నవంబర్ 17న టెహ్రాన్‌లో ఇరాన్ 7-0తో లావోస్‌ను ఓడించింది. అందులో నాలుగు గోల్స్ దాయీవే, అతని వందో గోల్ వచ్చింది కూడా ఆ మ్యాచ్‌లోనే. ఆసియా క్వాలిఫయర్లలో ఇలాంటి మ్యాచ్‌లు ఇరాన్‌కు చాలానే ఉండేవి.

కానీ 1996 డిసెంబర్ 16 సంగతి చూడండి. దుబాయ్‌లో ఆసియా కప్ క్వార్టర్ ఫైనల్, ఎదురుగా దక్షిణ కొరియా. విరామానికి ఇరాన్ 1-2తో వెనకబడి ఉంది. రెండో సగంలో ఇరాన్ ఆటగాడు అజీజీ స్కోరు సమం చేశాక 66వ నిమిషం నుంచి 89వ నిమిషం మధ్యలో దాయీ నాలుగు గోల్స్ కొట్టాడు. 6-2. కొరియా అప్పటికే నాలుగు ప్రపంచ కప్‌లు ఆడిన జట్టు. ఆ టోర్నీలో మొత్తం ఎనిమిది గోల్స్‌తో దాయీయే టాప్ స్కోరర్.

ఇంకో సంగతి. ఎవరితో ఆడాలో స్ట్రైకర్ నిర్ణయించుకోడు, డ్రా తీసినప్పుడు ఎవరు వస్తే వాళ్లతోనే ఆడాలి. యూరప్ స్ట్రైకర్లకు కూడా శాన్ మరీనో, అండోరా లాంటి జట్లు తగులుతూనే ఉంటాయి. రొనాల్డో లెక్కలో లక్సెంబర్గ్ మీద కొట్టిన గోల్స్ తక్కువేమీ కాదు. బలహీనమైన జట్టు పది మందితో గోల్ ముందు గోడ కట్టి నిలబడినప్పుడు సందు వెతుక్కుని గోల్ కొట్టడం కూడా ఒక నైపుణ్యమే. ఆ పని చేయలేక 0-0తో ఇంటికి వచ్చిన పెద్ద జట్లు ఎన్నో ఉన్నాయి.

సంఖ్య విషయం కూడా చెప్పేస్తాను. 149 మ్యాచ్‌ల్లో 109 గోల్స్ అని చాలా ఏళ్లు రాశారు. ఇప్పటి జాబితాల్లో చాలాచోట్ల 148 మ్యాచ్‌లు, 108 గోల్స్ అని కనిపిస్తుంది. రెండూ ఒక్క మ్యాచ్ తేడాతో వచ్చినవే, కంగారు పడక్కర్లేదు.

అపోహ: పొడుగున్నాడు కాబట్టి హెడర్లు పడ్డాయి

ఈ మాట వింటే నాకు నిజంగా కష్టంగా ఉంటుంది, ఎందుకంటే దీనివల్ల పిల్లల ఆట పాడవుతోంది. పొడుగున్నవాడు "నాకు ప్రాక్టీస్ ఎందుకు" అనుకుంటాడు, పొట్టివాడు "నాకు రాదులే" అని వదిలేస్తాడు.

దాయీ ఎత్తు 192 సెంటీమీటర్లు, ఆరడుగుల మూడున్నర అంగుళాలు. అది ఉపయోగపడలేదని ఎవరూ అనరు. అయితే అతన్ని కాపు కాసే సెంటర్ బ్యాక్‌లు (గోల్ ముందు మధ్యలో ఉండే డిఫెండర్లు) కూడా పొడగరులే. ఇద్దరూ ఒకే ఎత్తున్నప్పుడు గెలిచేది ముందుగా కదిలినవాడు కూడా కాదు, సరైన క్షణంలో కదిలినవాడు.

కొత్తగా వచ్చిన కుర్రాళ్లు చేసే తప్పు ఒక్కటే. క్రాస్ గాల్లోకి లేవగానే బంతి పడే చోటికి పరిగెత్తి, దాని కింద నిలబడిపోతారు. ఇక నిలబడిన చోటు నుంచే ఎగరాలి. అలా ఎగిరితే ఎత్తూ రాదు, బలమూ రాదు. అలవాటుపడ్డ స్ట్రైకర్ డిఫెండర్ భుజం వెనక, అతని కంటికి ఆనని చోట ఆగుతాడు. డిఫెండర్ బంతిని చూస్తే మనిషి కనపడడు, మనిషిని చూస్తే బంతి కనపడదు. ఆ ఇబ్బందిలో అతన్ని ఉంచి, చివరి రెండు మూడు అడుగులు వేగంగా వేసి, ఒంటికాలి మీద లేవాలి. చేతులు బ్యాలెన్స్ కోసం పక్కలకు, కళ్లు తెరిచే ఉండాలి, బంతి తగలాల్సింది నుదుటికి, నడినెత్తికి కాదు. వీలైతే కిందికి కొట్టాలి, గోల్ లైన్ దగ్గర నేలను తాకి లేచే బంతిని కీపర్ పట్టుకోవడం కష్టం.

దాయీ వీడియోలు పెట్టినప్పుడు మా పిల్లలకు ఒకటే చెబుతాను: బంతిని వదిలేసి అతని కాళ్లను చూడండి. మిగతావాళ్లంతా పరిగెడుతున్నప్పుడు అతను ఆగి ఉంటాడు. ఆ ఆగడమే నేర్చుకోవాల్సింది. 2021 సెప్టెంబర్ 1న ఐర్లాండ్ మీద రొనాల్డో కొట్టిన 110, 111వ గోల్స్ కూడా ఆఖరి నిమిషాల్లో వచ్చిన హెడర్లే. పక్కపక్కన పెట్టి చూపిస్తే పాఠం వేగంగా ఎక్కుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. చిన్నపిల్లల చేత బరువైన బంతితో పదేపదే హెడర్లు కొట్టించొద్దు. ఎప్పుడు ఎగరాలో మెత్తటి బంతితోనూ నేర్పవచ్చు.

అపోహ: జర్మనీలో ఫెయిలయ్యాడు

దీనికి ఆధారంగా చూపించేది జర్మనీ మొదటి డివిజన్ లీగ్ బుందెస్‌లిగా లెక్క: 107 మ్యాచ్‌లు, 19 గోల్స్. అంకెలు నిజమే. వాటిని విడదీసి చూడాలి.

1997 వేసవిలో దాయీ ఆర్మీనియా బీలెఫెల్డ్‌లో చేరాడు. అప్పటికి 28 ఏళ్లు. ఆ సీజన్‌లో ఆ జట్టు లీగ్‌లో అట్టడుగున నిలిచి రెండో డివిజన్‌కు పడిపోయింది. బంతే సరిగా అందని జట్టులో 25 మ్యాచ్‌లు ఆడి ఏడు గోల్స్ కొట్టాడు. అది చూసి అతన్ని తీసుకున్నది ఎవరు? బయర్న్ మ్యూనిక్. దిగజారిన జట్టులోని స్ట్రైకర్‌ను బయర్న్ ఊరికే పిలవదు.

బయర్న్‌లో అప్పటికే గియోవానీ ఎల్బర్, కార్‌స్టెన్ యాంకర్ ఉన్నారు. దాయీ ఎక్కువగా బెంచ్ నుంచి దిగేవాడు. 23 లీగ్ మ్యాచ్‌లు, ఆరు గోల్స్, చేతికి బుందెస్‌లిగా టైటిల్. 1999 మే 26న బార్సిలోనాలో మాంచెస్టర్ యునైటెడ్‌తో జరిగిన ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్‌ల పెద్ద టోర్నీ) ఫైనల్లో అతను సబ్‌స్టిట్యూట్‌ల జాబితాలో ఉన్నాడు, మైదానంలోకి దిగలేదు. ఆఖరి క్షణాల్లో రెండు గోల్స్ ఇచ్చుకుని బయర్న్ ఓడిన మ్యాచ్ అదే.

తర్వాత హెర్తా బెర్లిన్. అక్కడ మైకేల్ ప్రీట్జ్ అంతకుముందు సీజన్‌లో 23 గోల్స్‌తో లీగ్ టాప్ స్కోరర్. అంటే మళ్లీ నిండి ఉన్న చోటికే వెళ్లాడు. మూడు సీజన్లలో 59 మ్యాచ్‌లు, ఆరు గోల్స్. ఇది తక్కువే, నేను దాచను. గోల్స్ కోసమే స్ట్రైకర్‌ను తీసుకునే చోట ఈ లెక్క ఎవరినీ సంతోషపెట్టదు. కానీ అదే హెర్తా తరఫున 1999 సెప్టెంబర్ 21న ఛాంపియన్స్ లీగ్‌లో చెల్సీ మీద రెండు గోల్స్ కొట్టాడు, జట్టు 2-1తో గెలిచింది. వారం తిరిగేసరికి, 28న, మిలాన్ సొంత మైదానంలో ఒక గోల్ కొట్టి మ్యాచ్‌ను 1-1తో డ్రా చేయించాడు. ఆ గ్రూపులో మిలాన్ ఆఖరి స్థానంలో మిగిలిపోయింది, చెల్సీతో పాటు హెర్తా ముందుకు వెళ్లింది. ఆ ఏడాది ఆసియా ఉత్తమ ఫుట్‌బాలర్ అవార్డు దాయీకి వచ్చింది.

విదేశానికి వెళ్లిన ఆటగాడిని అంచనా వేసేటప్పుడు నేను అడిగే ప్రశ్నలు వేరు. ఏ వయసులో వెళ్లాడు? అతని స్థానంలో అప్పటికే ఎవరున్నారు? డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరితో మాట్లాడుకోగలడు? బీలెఫెల్డ్‌లో దాయీ పక్కన అదే వేసవిలో చేరిన మిడ్‌ఫీల్డర్ కరీం బాఘెరీ ఉన్నాడు. ఒకరిది అర్దబీల్, ఇంకొకరిది తబ్రీజ్. ఇద్దరి ఇంటి భాషా అజర్‌బైజానీయే. అలాంటి తోడు బయర్న్‌లో లేదు. గోల్స్ పట్టికలో ఈ సంగతులు కనపడవు గానీ, ఆటగాడి మీద వీటి ప్రభావం చాలా ఉంటుంది.

అపోహ: 1998 ప్రపంచ కప్ చూశాకే యూరప్ వాళ్లను పిలిచింది

తారీఖులు చూస్తే చాలు. దాయీ, బాఘెరీ, కొలోన్ జట్టుకు వెళ్లిన ఖోదాదాద్ అజీజీ, ముగ్గురూ 1997లోనే జర్మనీలో ఉన్నారు. ఇరాన్ ప్రపంచ కప్‌కు అర్హత సాధించింది ఆ తర్వాత, నవంబర్ 29న. ఆ ప్రపంచ కప్‌లో అమెరికా మీద గోల్ కొట్టిన మెహదీ మహదవీకియా మాత్రం 1998లో బోఖుమ్‌కు, అక్కడి నుంచి హాంబర్గ్‌కు వెళ్లి చాలా ఏళ్లు ఆడాడు. ఇంకా వెనక్కి వెళితే 1978 ప్రపంచ కప్ ఆడిన డిఫెండర్ ఆండ్రానిక్ ఎస్కందరియన్ మరుసటి ఏడాదే, యూరప్ కాకపోయినా, అమెరికా క్లబ్ న్యూయార్క్ కాస్మోస్‌లో చేరాడు.

అపోహ: గోల్ కొట్టడం తప్ప ఇంకేమీ రాదు

పైన చెప్పిన 1997 నవంబర్ 29 మ్యాచ్‌నే తీసుకుందాం. మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాతో ప్లేఆఫ్ రెండో మ్యాచ్. టెహ్రాన్‌లో మొదటిది 1-1. ఇక్కడ రెండో సగం మొదట్లోనే ఆస్ట్రేలియా 2-0తో ముందుంది. బాఘెరీ ఒక గోల్ కొట్టాడు. కొద్ది నిమిషాలకే దాయీ ఇచ్చిన పాస్‌తో అజీజీ డిఫెన్స్ వెనక్కి దూసుకెళ్లి, గోల్‌కీపర్ బోస్నిచ్‌ను ఒంటరిగా ఎదుర్కొని, బంతిని నేల మీదుగా లోపలికి పంపాడు. 2-2. రెండు మ్యాచ్‌లు కలిపి 3-3 కావడంతో, ప్రత్యర్థి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టిన లెక్కతో ఇరాన్ ఇరవై ఏళ్ల తర్వాత ప్రపంచ కప్‌కు వెళ్లింది. ఇరాన్ ఫుట్‌బాల్‌లో అతి ముఖ్యమైన గోల్స్‌లో ఒకటి ఇది. అందులో దాయీ పాత్ర పాస్ ఇవ్వడమే. ఇద్దరు డిఫెండర్లను తన వైపు లాక్కుని పక్కవాడికి దారి తెరిచే పని సెంటర్ ఫార్వర్డ్ ఉద్యోగంలో సగం. స్కోరు కార్డులో దానికి గడి ఉండదు.

అపోహ: చిన్నప్పుడే అకాడమీలో చేరకపోతే ఇక అంతే

తల్లిదండ్రుల టెన్షన్ అంతా ఇక్కడే. దాయీ టెహ్రాన్‌లోని షరీఫ్ యూనివర్సిటీలో మెటలర్జీ ఇంజినీరింగ్ చదివాడు. చదువుకుంటూనే టాక్సీరానీ, బ్యాంక్ తెజారత్ లాంటి జట్లకు ఆడాడు. జాతీయ జట్టులోకి 1993లో, 24 ఏళ్లకు వచ్చాడు. పెద్ద క్లబ్ పెర్సెపొలిస్‌కు వెళ్లింది 1994లో. తర్వాత ఖతార్‌లో అల్ సద్, ఆ తర్వాతే జర్మనీ. పదో తరగతి పరీక్షల కోసం రెండు నెలలు ప్రాక్టీస్ మానితే కెరీర్ పోతుందని బెంగపడేవాళ్లకు ఈ తేదీలు రాసి ఇస్తుంటాను. అందరూ దాయీలు అవుతారని చెప్పను, చదువు ఆటకు అడ్డం అనే మాటకు మాత్రం ఒప్పుకోను.

అపోహ: విదేశాల్లో ఆడటమంటే యూరప్‌లో ఆడటమే

కలకత్తా వాళ్లను అడగండి. ఇరాన్ 1978 ప్రపంచ కప్ బృందంలో ఉన్న మజీద్ బిష్కర్, అతనితో పాటు జంషీద్ నస్సిరి అలీగఢ్‌లో చదువుకోవడానికి వచ్చి, 1980లో ఈస్ట్ బెంగాల్‌కు ఆడారు. మజీద్‌ను అక్కడి అభిమానులు ఇప్పటికీ "బాద్‌షా" అంటారు. జంషీద్ భారత్‌లోనే స్థిరపడ్డాడు. అతని కొడుకు కియాన్ 2022 జనవరి 29న కలకత్తా డెర్బీలో సబ్‌స్టిట్యూట్‌గా దిగి హ్యాట్రిక్ కొట్టాడు, అదీ తండ్రి ఆడిన ఈస్ట్ బెంగాల్ మీదే!

అపోహ: చివర్లో రికార్డు కోసమే వేలాడాడు

2006 ప్రపంచ కప్‌కు కెప్టెన్‌గా వెళ్లేసరికి అతనికి 37 ఏళ్లు. మెక్సికోతో మ్యాచ్‌లో వేగం లేదని ఇరాన్‌లోనే గట్టి విమర్శలు వచ్చాయి. ఆ విమర్శ సరైనదేనని నా అభిప్రాయం. ఆ టోర్నీలో ముందు వరుసలో ఇంకా చురుకైన వాళ్లు ఆడాల్సింది. 1998, 2006 రెండు ప్రపంచ కప్‌లు కలిపినా అతనికి ఒక్క గోల్ లేదు. అతని కెరీర్‌లో ఇది పెద్ద లోటే.

రికార్డు కోసమే అన్న మాట మాత్రం నిలవదు. ఫెరెంక్ పుష్కాష్ 84 గోల్స్‌ను అతను 2003 నవంబర్‌లోనే దాటేశాడు. ఆ తర్వాత ప్రపంచ రికార్డు కోసం ఎవరినీ వెంబడించాల్సిన పని లేదు. ప్రపంచ కప్ అయ్యాక జాతీయ జట్టును వదిలి ఇరాన్ క్లబ్ సైపాలో ఆడాడు. సీజన్ మధ్యలో కోచ్ బాధ్యత కూడా అతని మీదే పడింది. 2007లో సైపా ఇరాన్ లీగ్ గెలిచింది. ఆ మే నెలలోనే అతను ఆటకు వీడ్కోలు చెప్పాడు.