లూసిటేనియా మునిగిన 23 నెలలకి

మొదటి ప్రపంచ యుద్ధంలోకి అమెరికా ఎందుకు దిగిందని అడిగితే చాలామంది టక్కున లూసిటేనియా పేరు చెప్తారు. జర్మన్ సబ్‌మెరైన్ ఆ బ్రిటిష్ ప్రయాణికుల ఓడను ముంచింది, అందులో అమెరికన్లు చనిపోయారు, దాంతో ఒళ్లు మండి అమెరికా యుద్ధం ప్రకటించింది. కథ బాగానే ఉంది, తారీఖులే కుదరవు. ఐర్లండ్ తీరం దగ్గర ఆ ఓడకి టార్పెడో తగిలింది 1915 మే 7న. 18 నిమిషాల్లో మునిగిపోయింది, సుమారు 1,200 మంది పోయారు, వాళ్లలో 128 మంది అమెరికన్లు. అమెరికా యుద్ధం ప్రకటించిందేమో 1917 ఏప్రిల్ 6న. మధ్యలో 23 నెలలు! ఈలోగా 1916 ఎన్నికల్లో అధ్యక్షుడు విల్సన్‌ని 'మనల్ని యుద్ధంలోకి దిగనివ్వలేదు' అనే ప్రచారంతోనే మళ్లీ గెలిపించారు కూడా.

బ్యాంకుల అప్పులే కారణమనేది ఇంకో పాపులర్ జవాబు. మిత్రపక్షాలకి, అంటే బ్రిటన్, ఫ్రాన్స్ లాంటి దేశాలకి, అప్పులిచ్చిన మాట నిజమే, కానీ తటస్థంగా కూర్చున్న రోజుల్లోనూ అవి నడుస్తూనే ఉన్నాయి కదా, మరి 1917 దాకా ఎందుకు ఆగినట్టు?

నన్నడిగితే ముందు బెర్లిన్ వైపు చూడాలి. అమెరికా ఒత్తిడికి తగ్గి, హెచ్చరిక లేకుండా వాణిజ్య ఓడల్ని ముంచబోమని 1916లో జర్మనీ మాటిచ్చింది. ఆ ఏడాది చివర్లో నౌకాదళ అధిపతి హోల్ట్‌జెన్‌డార్ఫ్ ఒక లెక్క వేసిచ్చాడు: నెలకి 6 లక్షల టన్నుల ఓడల్ని ముంచితే 5 నెలల్లో బ్రిటన్ చేతులెత్తేస్తుంది, అమెరికా వస్తే రానీ, దాని సైన్యం సముద్రం దాటేసరికి అంతా అయిపోయుంటుంది. అంటే కోపమూ కాదు, పిచ్చీ కాదు, తీరిగ్గా కూర్చుని వేసిన లెక్క. అందులో సగం నిజమైంది కూడా: 1917 ఏప్రిల్ ఒక్క నెలలోనే మునిగినవి 8 లక్షల టన్నులు దాటాయి. బ్రిటన్ మాత్రం లొంగలేదు, ఓడల్ని గుంపులుగా, యుద్ధనౌకల కాపలాతో నడిపి గట్టెక్కింది.

1917 ఫిబ్రవరి 1 నుంచి హెచ్చరిక లేని దాడులు మళ్లీ మొదలయ్యాయి. అంతకు ముందే జర్మన్ విదేశాంగ మంత్రి జిమ్మర్మన్ మెక్సికోకి రహస్య టెలిగ్రామ్ పంపాడు: అమెరికాతో యుద్ధం వస్తే మాతో కలవండి, టెక్సాస్, న్యూ మెక్సికో, అరిజోనా మీకొస్తాయి. విడ్డూరమేంటంటే అది వెళ్లింది అమెరికా దౌత్య కేబుల్ మీదే, శాంతి చర్చల కోసమని వాళ్లు మంచికి పోయి ఇచ్చిన సదుపాయం. మాటలకి బదులు అంకెలు వాడే కోడ్ పుస్తకంలో అరిజోనాకి అంకె లేక ఆ పేరుని ముక్కలు చేసి పంపారు. బ్రిటిష్ వాళ్లు దాన్ని మధ్యలోనే పట్టుకుని విప్పేశారు. పత్రికల్లో వచ్చాక 'ఇది బ్రిటన్ అల్లిన కట్టుకథ' అని అమెరికాలో చాలామంది కొట్టిపారేస్తుంటే, మార్చి 3న జిమ్మర్మనే అది నిజమేనని ఒప్పేసుకున్నాడు. అదే నెలలో అమెరికా వాణిజ్య ఓడలు వరసగా మునిగాయి. ఇంత జరిగాక కూడా ప్రతినిధుల సభలో యుద్ధానికి 373 మంది ఓటేస్తే, 50 మంది వద్దన్నారు.