అలర్ట్ మోగితే దొంగ దొరికినట్టేనా? మా పని మీద అపోహలు, వాస్తవాలు

సైబర్ దాడుల సమాచారాన్ని విశ్లేషించి, దానివల్ల జనానికి ముప్పుందా లేదా చెప్పడం నా పని. మా టీమ్‌లో ఒకరు నెట్‌వర్క్ ఇంజనీరు, ఒకావిడ సైకాలజీ చదివారు, ఇంకొకాయన ఇంతకుముందు అత్యవసర సేవల కంట్రోల్ రూమ్‌లో ఉండేవారు. ఈ మాట చెప్పగానే అందరూ అడిగేది ఒకటే: "అంటే మీరు హ్యాకింగ్ చేస్తారా?" లేదండీ. రోజంతా చదువుతాం, వాదించుకుంటాం, చివరికి ఒకటిన్నర పేజీ రిపోర్టు రాస్తాం. నా అనుభవంలో తప్పులు ఎక్కువగా దొర్లేది ఒకరు చూసింది ఇంకొకరికి చెప్పే దగ్గరే, కింద రాసినవాటిలో చాలావరకు ఆ గొడవే.

అపోహ: ఇది కంప్యూటర్ వాళ్ల పని, మిగతావాళ్లెందుకు?

1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్ల తేడా వచ్చింది. చిల్లర తేడా, ఎవరైనా వదిలేసేదే. దాని సంగతి చూడమని అప్పగించింది ఖగోళ శాస్త్రం చదువుకున్న క్లిఫర్డ్ స్టాల్‌కి. ఆయనేమో టెలిస్కోప్ దగ్గర కూర్చున్నట్టే ప్రతిదీ టైమ్ వేసి నోట్‌బుక్‌లో రాసుకుంటూ నెలల తరబడి దాని వెంట పడ్డారు. తీగ లాగితే డొంకంతా కదిలింది: పశ్చిమ జర్మనీ నుంచి అమెరికా సైనిక కంప్యూటర్లలో దూరి, దొరికింది సోవియట్ గూఢచార సంస్థ కేజీబీకి అమ్ముకుంటున్న ముఠా బయటపడింది.

అపోహ: 99% కచ్చితంగా పట్టేసే సాఫ్ట్‌వేర్ కొంటే ఇక టెన్షన్ లేదు.

ఈ 99% అనే మాట విన్నప్పుడల్లా నేను కాగితం తీస్తాను. రోజుకి మీ నెట్‌వర్క్‌లో 10 లక్షల ఘటనలు జరుగుతాయనుకోండి, వాటిలో నిజంగా దాడికి సంబంధించినవి 10. సాఫ్ట్‌వేర్ ఆ పదింటినీ దాదాపు పట్టేస్తుంది, బాగానే ఉంది. కానీ మిగిలిన మంచివాటిలో 1 శాతాన్ని పొరపాటున చెడ్డవంటుంది కదా, అవి దాదాపు 10,000. అంటే మోగిన ప్రతి వెయ్యి అలర్టుల్లో నిజమైంది ఒక్కటి. స్టెఫాన్ ఆక్సెల్సన్ అనే పరిశోధకుడు 1999లోనే చొరబాట్లను పసిగట్టే వ్యవస్థల గురించి ఈ లెక్క కట్టి చూపించారు. అరుదైన జబ్బుకి చేసే పరీక్షల విషయంలో డాక్టర్లకి ఇది అంతకుముందే తెలుసు, మావాళ్లే ఆలస్యంగా నేర్చుకున్నారు.

ఇక్కడితో లెక్క అయిపోయింది, మనిషి మొదలయ్యాడు. "నాన్నా పులి" అని రోజుకి పదివేల సార్లు అరిస్తే షిఫ్టులో ఉన్నవాడు ఏం చేస్తాడు? 2013 చివర్లో టార్గెట్ అనే అమెరికన్ దుకాణాల సంస్థ నుంచి 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. సాఫ్ట్‌వేర్ ముందే హెచ్చరించింది. ఆ హెచ్చరికల మీద సమయానికి చర్య తీసుకున్నవాళ్లు లేరు, అంతే.

అపోహ: కోడ్ చూస్తే దాడి చేసిందెవరో తెలిసిపోతుంది.

2018 ఫిబ్రవరిలో దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్ వింటర్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం రాత్రే అక్కడి వైఫై, వెబ్‌సైట్ పడిపోయాయి. ఆ పని చేసిన మాల్వేర్‌లో, అంటే హాని చేసే ప్రోగ్రామ్‌లో, ఉత్తర కొరియా హ్యాకర్ల గ్రూపు వేలిముద్రల్లాంటివి కనబడ్డాయి. పరిశోధకులు ఇంకాస్త తవ్వితే తేలిందేంటంటే, ఆ గుర్తుల్ని ఎవరో కావాలని అతికించారని. 2020లో అమెరికా దీని మీద కేసు పెట్టింది రష్యా సైనిక గూఢచార అధికారుల మీద.

దీనికి పూర్తి తలకిందులు ఓల్డ్‌స్మార్ కథ. 2021 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని ఆ ఊరి నీటి శుద్ధి కేంద్రంలో సోడియం హైడ్రాక్సైడ్ (కాస్టిక్ సోడా) మోతాదుని ఎవరో హ్యాకర్ 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో వంద) నుంచి 11,100కి పెంచేశాడని, డ్యూటీలో ఉన్న ఆపరేటర్ చూసి వెంటనే తగ్గించాడని ప్రపంచమంతా చదివింది. మేమూ ఎన్ని ప్రెజెంటేషన్లలో వాడామో. 2023లో అప్పటి సిటీ మేనేజరే, అది హ్యాకింగ్ కాకపోవచ్చు, ఉద్యోగి పొరపాటే అయ్యుండొచ్చు అన్నారు. ఈసారి ఆ స్లయిడ్ తీసేసింది ఎంతమందో మాత్రం నన్నడక్కండి.

ఇలాంటి చోటే గూఢచార విశ్లేషణ వాళ్ల అలవాటు ఒకటి పనికొస్తుంది. సీఐఏలో పనిచేసిన రిచర్డ్స్ హ్యూయర్ చెప్పింది, నీకు నచ్చిన అనుమానానికి సాక్ష్యాలు పోగేసుకోవద్దు, అన్ని అనుమానాలూ పక్కపక్కన పెట్టి ఏ సాక్ష్యం దేన్ని కొట్టేస్తుందో చూడు అని. అదీ మంత్రమేం కాదు, తర్వాత చేసిన ప్రయోగాల్లో ఆ పద్ధతి ఫలితాలు అంతంతమాత్రమే. నేను మాత్రం వాడతాను, కనీసం "ఉద్యోగి పొరపాటు" అనే గడి కాగితం మీద ఉంటుందని.

అపోహ: "అవకాశం ఉంది" అని రాస్తే అందరికీ ఒకటే అర్థమవుతుంది.

నాకు బాగా తగిలిన దెబ్బ ఇది. కొత్తలో ఒక రిపోర్టులో "వారాంతంలో మళ్లీ దాడి జరిగే అవకాశం ఉంది" అని రాశాను. నా మనసులో ఉన్నది నాలుగింట ఒక వంతు. చదివిన ఒకాయన దాన్ని "ఏమో, జరగొచ్చు జరక్కపోవచ్చు" అనుకుని పక్కన పెట్టారు, ఇంకో విభాగం వాళ్లు "దాదాపు ఖాయం" అనుకుని వారాంతం సెలవులన్నీ రద్దు చేశారు. దాడి జరగలేదు. సోమవారం నాకు పడిన అక్షింతలు ఇప్పటికీ గుర్తే.

తర్వాత తెలిసింది, ఈ బాధ పాతదేనని. 1951లో అమెరికా గూఢచార అంచనాలో, యుగోస్లావియా మీద సోవియట్ కూటమి దాడిని తేలిగ్గా తీసిపారెయ్యలేం అనే అర్థంలో ఒక మాట రాశారు. దాన్ని తయారుచేసిన షెర్మన్ కెంట్ ఉద్దేశం 65 శాతం. ఆ మాటకి ఒప్పుకుని సంతకం పెట్టినవాళ్లని విడివిడిగా అడిగితే ఒకరు 20 శాతమన్నారు, ఒకరు 80! ఇప్పుడు ఇలాంటి మాటలకి అంకెల హద్దులున్నాయి, కానీ అవీ అన్నిచోట్లా ఒకటి కావు: "లైక్లీ" అంటే అమెరికా ప్రమాణంలో 55 నుంచి 80 శాతం, బ్రిటన్‌లో 55 నుంచి 75. తెలుగులో మనకి "కావచ్చు", "బహుశా", "దాదాపు", "అయ్యుండొచ్చు" ఉన్నాయి, వీటికి ఎవరూ హద్దులు గీయలేదు. అందుకే నేను మాట పక్కనే అంకె కూడా రాస్తాను.

అపోహ: నెలకోసారి పాస్‌వర్డ్ మారిస్తే క్షేమం.

చివర్లో 1 తీసి 2 పెడతారు, మీరూ నేనూ అందరం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే, లీకైన సూచన లేకుండా ఊరికే మార్పించొద్దని చెప్పింది.

అపోహ: జనం ప్రాణాల మీదికి రావాలంటే సినిమా లెవెల్ దాడి జరగాలి.

2017 మేలో వనాక్రై అనే, ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే మాల్వేర్ దెబ్బకి ఇంగ్లండ్‌లో 236 ఆసుపత్రి ట్రస్టుల్లో కనీసం 81 ఇబ్బంది పడ్డాయి, 19,000కి పైగా అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయని ఆడిట్ అంచనా. అది దూరిన విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చింది.

2021 మేలో, అమెరికాలో పెట్రోలు, డీజిల్ సరఫరా చేసే కొలోనియల్ పైప్‌లైన్ కంపెనీ సంగతి ఇంకా చిత్రం. దొంగలు లోపలికొచ్చింది ఎవరూ వాడని పాత ఖాతాకున్న ఒక్క పాస్‌వర్డ్‌తో, దానికి ఓటీపీ లాంటి రెండో తాళం కూడా లేదు. వాళ్లు ముట్టుకున్నది ఆఫీసు కంప్యూటర్లని, పైప్‌లైన్‌ని ఆపింది మాత్రం భయపడిన కంపెనీయే. ఆ వార్త చూసి జనం బంకుల ముందు బారులు తీరి అవసరం ఉన్నా లేకున్నా నింపుకున్నారు, దాంతో చాలాచోట్ల బంకులు నిజంగానే ఖాళీ అయ్యాయి. కోడ్ చదివే నాలాంటివాడు ఈ రెండో సగాన్ని ఊహించలేడు, మా కంట్రోల్ రూమ్ ఆయన ఊహించగలరు. ఆ వారంలో అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ ట్విట్టర్‌లో పెట్టిన హెచ్చరిక ఏంటో తెలుసా: ప్లాస్టిక్ కవర్లలో పెట్రోలు నింపుకోకండి అని.