నాలుగు మిల్లీమీటర్ల వెలుగు

గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో, సర్కారు తుమ్మ చెట్ల మీద ఎర్రకాళ్ళ కొంగ పిల్లలకు మేత పెడుతోంది. స్పాటింగ్ స్కోప్‌లో, అంటే దూరపు పిట్టల్ని దగ్గరగా చూపే దుర్భిణిలో కన్ను పెడితే దాని పసుపు ముక్కు చివర నీటిచుక్క కూడా కనిపిస్తోంది. అదే స్కోప్ వెనక ఫోటో కోసం కెమెరా పెడితే (దీన్నే డిజిస్కోపింగ్ అంటారు) తెరంతా చీకటి, నడిమధ్యన రూపాయి బిళ్ళంత వెలుగు, అందులో తెల్లగా ఏదో మసక. ఆ కెమెరాకి 30 రెట్ల జూమ్ ఉంది మరి!

అది విజయవాడలో కొన్నాను. కొట్టులో కుర్రాడు "బాబాయ్ గారూ, పిట్టల కోసమే కదా, జూమ్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది" అన్నాడు. వాడి తప్పేం లేదు. పిట్టల కోసం అన్నానే గానీ స్కోప్ వెనక పెడతానని నేను చెప్పలేదు.

తప్పెక్కడుందో తెలుసుకోవడానికి ఒక తెల్ల కాగితం చాలు. డాబా మీద స్కోప్‌ని ట్రైపాడ్‌కి బిగించి ఆకాశం వైపు తిప్పండి, సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ వద్దు. కంటి దగ్గరి లెన్స్, అంటే ఐపీస్ వెనక కాగితం పట్టుకుని ముందుకీ వెనక్కీ జరపండి. ఒకచోట అంచులు తీరుగా ఉన్న చిన్న వెలుగు చుక్క పడుతుంది. స్కోప్ పోగుచేసిన కాంతి అంతా బయటికి వచ్చేది ఆ చుక్కలోంచే. ముందు లెన్స్ వెడల్పుని స్కోప్ పెద్దది చేసి చూపే రెట్లతో భాగిస్తే చుక్క వెడల్పు వస్తుంది. నా స్కోప్ ముందు లెన్స్ 80 మిల్లీమీటర్లు. 20 రెట్ల దగ్గర చుక్క 4 మిల్లీమీటర్లు, ఆడపిల్లలు పెట్టుకునే చిన్న బొట్టుబిళ్ళంత. 60 రెట్లకి తిప్పితే 1.3 మిల్లీమీటర్లే.

మన కంటిపాప సరిగ్గా ఆ చుక్క దగ్గరికి వస్తేనే దృశ్యమంతా కనిపిస్తుంది. తాళం కన్నంలోంచి తొంగిచూసినట్టన్నమాట. కన్ను ఆనించి చూస్తే గదంతా కనిపిస్తుంది, రెండడుగులు వెనక్కి జరిగితే ఎదురుగోడ మీది కేలండరొక్కటే. కెమెరాకీ ఒక కంటిపాప ఉంది. ముందునుంచి లెన్స్‌లోకి చూస్తే లోపల ఎక్కడో ఓ నల్లటి రంధ్రం కనిపిస్తుందే, అదే. జూమ్ తక్కువున్న చిన్న కెమెరాలో అది ముందు అద్దానికి దగ్గరగా ఉంటుంది, తీసుకెళ్ళి వెలుగుచుక్క మీద కూర్చోబెట్టొచ్చు. 30 రెట్ల జూమ్‌లో ముందు అద్దమే గ్లాసు మూతంత, దాని వెనక ఒకదాని వెనక ఒకటి అద్దాలు, కంటిపాప నూతి అడుగున ఉన్నట్టు ఉంటుంది. ముందు అద్దం ఐపీస్‌కి కొట్టుకునేదాకా దగ్గరికి జరిపినా అది చుక్కని అందుకోలేదు. చీకటి అంచు పోయేదాకా జూమ్ చేశాను. చివరికి తెరమీద కొంగ కన్నొక్కటే మిగిలింది, అదీ మసగ్గా.

అసలు స్కోప్ వెనక కెమెరా పెట్టే ఈ పద్ధతి జనంలోకి వచ్చింది 1999 ప్రాంతంలో, మలేషియాలో పక్షులు చూసే లారెన్స్ పో చేతుల మీదుగా. ఆయన స్కోప్ వెనక పెట్టింది నికాన్ కూల్‌పిక్స్ 950. రెండే మెగాపిక్సెళ్ళు, మూడు రెట్ల జూమ్. ఇవాళ ఆ అంకెలు చెబితే కొట్టువాడు నవ్వుతాడు. కానీ దాని లెన్స్ జూమ్ చేసినా బయటికి పొడుచుకురాదు, అద్దం చిన్నది, చుట్టూ 28 మిల్లీమీటర్ల మరలు కూడా ఉన్నాయి, గొట్టం బిగించుకోవచ్చు. స్కోప్‌ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు, అయినా అతికినట్టు సరిపోయింది. ఈ పని ఇప్పుడు డిజిస్కోపింగ్ అనే పేరుతో ప్రపంచమంతా సాగుతోంది.

"మూడు రెట్లు ఏం సరిపోతుందండీ?" అని అడిగేవాళ్ళుంటారు. స్కోప్ 20 రెట్లు, కెమెరా లెన్స్ నాభ్యంతరం (ఈ అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది) పాత 35 మి.మీ. ఫిల్మ్ కెమెరా లెక్కలో 100 మిల్లీమీటర్లు అనుకుందాం. రెండూ కలిస్తే 2000 మిల్లీమీటర్ల లెన్స్‌తో సమానం. క్రికెట్ మ్యాచ్ ఫోటోలకే 400, 600 వాడతారు. దూరం లాగే పని స్కోప్ చూసుకుంటుంది, కెమెరా చెయ్యాల్సింది దానికి అడ్డం రాకపోవడం.

స్కోప్‌ని 60కి తిప్పాలనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. చుక్క వెడల్పు మూడోవంతుకి తగ్గిందంటే దానిలోంచి వచ్చే వెలుగు తొమ్మిదోవంతే. 20 దగ్గర సెకనులో 450వ వంతు సరిపోయిన షట్టర్, అక్కడ 50వ వంతుకి దిగుతుంది. ఈలోగా మంచె మీద ఎవరో ఒకరు అడుగేస్తారు, ఫోటో కదిలిపోతుంది. ఇంకో చిక్కు, కాంతి అల కాబట్టి సన్నటి దారిలోంచి వచ్చేటప్పుడు పరుచుకుంటుంది. 18 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న చిన్న కెమెరాతో 60 దగ్గర లెక్కేస్తే, ఒక్కో కాంతి బిందువు సెన్సర్ మీద సుమారు 18 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) వెడల్పు మచ్చగా పడుతుంది. చిన్న కెమెరాల్లో పిక్సెల్ ఒకటిన్నర మైక్రాన్ ఉంటుందనుకుంటే, మచ్చ అడ్డంగా పన్నెండు పిక్సెళ్ళ మేర పరుచుకున్నట్టే. మెగాపిక్సెళ్ళకి ఎక్కువ డబ్బు పెట్టడం ఇక్కడ దండగని నేననేది అందుకే.

మళ్ళీ అదే కొట్టుకి వెళ్ళాను, ఈసారి స్కోప్ సంచీలో వేసుకుని. కౌంటర్ మీద స్కోప్ నిలబెట్టి రోడ్డవతలి సైన్‌బోర్డు మీద ఫోకస్ చేసి, సొరుగులో ఉన్న పాత కెమెరాలు ఒక్కొక్కటీ వెనక పెట్టి చూశాను. ముందు జూమ్ లేకుండా చూస్తే అన్నిట్లోనూ చీకటి అంచు ఉంది. కొంచెం జూమ్ చెయ్యగానే ఏది నాలుగు మూలలా నిండుతుందో అదే నాకు కావలసింది. నాలుగు రెట్ల జూమ్ ఉన్న సెకండ్ హ్యాండ్‌ది గెలిచింది. కుర్రాడికి నమ్మకం కుదర్లేదు. "దాని బ్యాటరీ పోయిందేమో చూసుకోండి బాబాయ్ గారూ" అన్నాడు. బ్యాటరీ నిజంగానే పోయింది, కొత్తది వేయించాను.

ఫోను చాలదా అంటే, చాలావరకు చాలుతుంది. దాని లెన్స్ కందిగింజంత, కంటిపాప పైనే ఉంటుంది కాబట్టి వెలుగుచుక్క ఇట్టే దొరుకుతుంది. చేత్తో పట్టుకుని దొరికించుకోవడమే టెన్షన్, బిగించే క్లిప్పు కొనక తప్పదు. నేను కెమెరానే వాడేది రెండు సెకన్ల టైమర్ బటన్ వేలికి అలవాటైపోయి.

కృష్ణ ఇసుక తిన్నెల మీద వాలే పిట్టల దగ్గర మాత్రం ఏదైనా ఒకటే. ఎండెక్కాక ఇసుక మీది గాలి వేడెక్కి పొరలు పొరలుగా కదులుతుంది, ఒక్కో పొర కాంతిని ఒక్కో తీరుగా వంచుతుంది. స్కోప్ పిట్టతో పాటు ఆ వణుకునీ 20 రెట్లు చేస్తుంది. తొమ్మిది దాటితే నేను అవతలి తిన్నె వదిలేసి, ఒడ్డు పక్క తీగ మీద కూర్చున్న లకుముకి పిట్ట వైపు స్కోప్ తిప్పుతాను.