పందుల దొడ్డి అయిన చర్చిలో ఆగని నాదం

2026 ఆగస్టు 5. జర్మనీలోని హాల్బర్‌స్టాట్‌లో, సెయింట్ బుర్కార్డీ చర్చిలోని ఆర్గన్ (తిత్తుల గాలితో గొట్టాలు పలికే వాద్యం) మీద 639 ఏళ్ళపాటు సాగే జాన్ కేజ్ కృతిలో స్వరం మారాల్సిన రోజు. 2024 ఫిబ్రవరి 5 నుంచి అక్కడ రాత్రింబవళ్ళు మోగుతున్నది ఒకే స్వరాల గుత్తి. ఇలా తేదీ దగ్గరపడ్డప్పుడల్లా పాత ప్రశ్నే లేస్తుంది: ప్రార్థన చేసుకునే చోట ఈ ప్రయోగమేమిటి? అసలిది సంగీతమేనా?

జాన్ కేజ్ అమెరికన్ స్వరకర్త. 1987లో ఆర్గన్‌కి రాసిన ఈ కృతిని వీలైనంత నెమ్మదిగా వాయించమన్నాడు, అంతే. 639 ఏళ్ళు వాయించమని ఆయన ఎక్కడా అనలేదని, 1992లోనే పోయిన మనిషి పేరు మీద ఇదంతా నడుస్తోందని గిట్టనివాళ్ళు అంటారు. ఆ మాటా నిజమే.

కానీ ఈ తగవుకి మూలం కేజ్ కాదు, 1810. సుమారు 1050లో కట్టిన ఈ చర్చి ఆరువందల ఏళ్ళకు పైగా సిస్టర్షియన్ అనే క్యాథలిక్ శాఖ సన్యాసినుల మఠం. పదిహేడో శతాబ్దపు ముప్ఫై ఏళ్ళ యుద్ధంలో దెబ్బతింది, మళ్ళీ లేచింది. 1810లో నెపోలియన్ తమ్ముడు జెరోమ్ పాలనలో మతం చేతి నుంచి జారిపోయింది. ఆ తర్వాత నూటతొంభై ఏళ్ళు ధాన్యపు కొట్టు, సారా బట్టీ, చివరికి పందుల దొడ్డి. పవిత్రత పోయిందని ఇవాళ బాధపడేవాళ్ళు ఈ రెండు శతాబ్దాలను లెక్కలోకి తీసుకోరు. ఆ గోడల మధ్యకి మనుషులు మళ్ళీ చెవి ఒగ్గి వస్తున్నది ఈ నాదం కోసమే.

639 అన్న అంకె కూడా ఊరిదే. 1361లో నికోలస్ ఫాబర్ ఇక్కడి కథీడ్రల్‌కి పన్నెండు స్వరాల మెట్లున్న పెద్ద ఆర్గన్ కట్టాడు. ఇరవై తిత్తులు, వాటిని తొక్కడానికి పదిమంది మనుషులు! అప్పటి నుంచి 2000 దాకా ఎన్నేళ్ళో, ముందుకీ అన్నేళ్ళు. 1997లో జర్మనీలోనే ట్రోసింగెన్ అనే ఊళ్ళో జరిగిన చర్చల్లోంచి పుట్టిన ఆలోచన ఇది. హార్మోనియం తిత్తి ఆడుతున్నంతసేపూ శ్రుతి పలికినట్టే, గాలి అందినంతకాలం ఆర్గన్ పాడుతూనే ఉంటుంది.

ఏడాది ఆలస్యంగా, 2001 సెప్టెంబరు 5న, కేజ్ పుట్టినరోజున మొదలైంది. కృతి ఆరంభమే విరామం కాబట్టి పదిహేడు నెలలపాటు వినపడింది తిత్తుల ఊపిరి ఒక్కటే. తొలి స్వరాలు 2003 ఫిబ్రవరి 5న పలికాయి. వాయించేవాళ్ళు లేరు, మెట్లను ఇసుక సంచులు నొక్కి పట్టి ఉంచుతాయి. అవసరమైనప్పుడే కొత్త గొట్టం తెచ్చి నిలబెడతారు. హోరు తగ్గించడానికి చుట్టూ పారదర్శకమైన యాక్రిలిక్ పెట్టె బిగించారు. 2013 నుంచి 2020 దాకా, దాదాపు ఏడేళ్ళు, ఒక్క స్వరమూ మారలేదు.

మనకి సప్తాహం, అఖండ భజన తెలుసు. ఏడు రోజులు నామం తెగకుండా చూడటానికే ఊరంతా వంతులు వేసుకుంటుంది. ఇక్కడ ఒక్కో సంవత్సరానికీ ఒక్కో దాత ముందుకొస్తాడు, అతని పేరున ఒక లోహపు ఫలకం గోడకెక్కుతుంది. తొమ్మిది భాగాల్లో మొదటిది పూర్తయ్యేది 2072లో. అప్పటిదాకా ఆ పాత గోడా, కప్పూ కూడా నిలిచి ఉండాలి.