వయసుతో పాటు మారే నిద్ర: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో జనరల్ ఫిజీషియన్‌గా నేను రోజూ వినే మాట "నిద్ర పట్టడం లేదండీ". వయసు తెలియనిదే ఆ మాటకు జవాబు చెప్పలేను.

అపోహ: ఎవరికైనా ఎనిమిది గంటల నిద్రే లెక్క.

వాస్తవం: అప్పుడే పుట్టిన బిడ్డకు 14 నుంచి 17 గంటలు కావాలి. బడి పిల్లలకు 9 నుంచి 11, పెద్దలకు 7 నుంచి 9, అరవై అయిదు దాటితే 7 లేదా 8. పసిబిడ్డకు రాత్రీ పగలూ తేడా తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. బిడ్డ రాత్రి లేస్తోందని బాలింతను తప్పుపట్టకండి. పగలు ఆ గదిలోకి వెలుతురు రానివ్వండి, రాత్రి పాలిచ్చేటప్పుడు చిన్న లైటు చాలు.

అపోహ: పొద్దెక్కినా లేవని పిల్లలు సోమరులు.

వాస్తవం: యుక్తవయసులో నిద్రకు సమయమైందని ఒంటికి తెలిపే మెలటోనిన్ ఒకటి రెండు గంటలు ఆలస్యంగా విడుదలవుతుంది. రాత్రి పదకొండుకు గానీ నిద్రపట్టని పిల్లను హాస్టల్లో నాలుగున్నరకే చదువుకు లేపితే ఏం మిగులుతుంది? ఆ వయసుకు 8 నుంచి 10 గంటలు కావాలి. చదివింది గుర్తుండాలన్నా నిద్ర ఉండాలి. పడుకునే ముందు ఫోను మాత్రం తీసేసుకోండి, ఆ విషయంలో నేను తల్లిదండ్రుల పక్షమే.

అపోహ: ముసలితనంలో నిద్ర రాదు, మాత్ర వేసుకోవాల్సిందే.

వాస్తవం: నన్ను బాగా బాధపెట్టే అపోహ ఇది. ఆమదాలవలస వైపు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. చొక్కా జేబులోంచి నిద్రమాత్రల షీటు తీసి బల్ల మీద పెట్టారు. పదింటిలో మూడు మిగిలాయి. "రెండింటికే మెలకువ వచ్చేస్తోంది డాక్టరు గారూ" అన్నారు. ఆయన దినచర్య కాగితం మీద రాసి చూశాం. ఎనిమిదికల్లా పడక, మధ్యాహ్నం గంటన్నర కునుకు. మొత్తం కలిపితే ఏడున్నర గంటలు!

వయసు పెరిగేకొద్దీ గాఢనిద్ర తగ్గుతుంది, మెలకువలు ఎక్కువవుతాయి, నిద్ర పెందలాడే వచ్చేస్తుంది. నిద్ర అవసరం మాత్రం పెద్దగా తగ్గదు. మాస్టారికి కునుకు అరగంటకు కుదించాం, సాయంత్రం వెలుతురు ఉండగానే నడవమన్నాం, పడక పదింటికి మార్చాం. బీపీకి వాడే నీటి మాత్ర సాయంత్రం వేసుకుంటున్నారు, అందుకే రాత్రి మూడుసార్లు మూత్రానికి లేస్తున్నారు. దాన్ని ఉదయానికి మార్చాం. నిద్రమాత్ర ఒక్కసారిగా మానిపించలేదు. రోజూ అలవాటైనదాన్ని హఠాత్తుగా ఆపితే ఉన్న నిద్రా పోతుంది, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాం.

మాత్ర మత్తులో బాత్రూముకు లేచి, తూలిపడి, తుంటి ఎముక విరిగి మంచాన పడ్డవారిని చూశాను. దయచేసి పెద్దవారికి చీటీ లేకుండా మందుల షాపు నుంచి నిద్రమాత్రలు తెచ్చి ఇవ్వకండి.

అపోహ: గురక పెడుతున్నారంటే హాయిగా నిద్రపోతున్నట్టే.

వాస్తవం: గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడినట్టు మళ్లీ అందుకుంటుంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. బీపీ పెరుగుతుంది, గుండెకూ చేటు. ముట్లు ఆగిన తర్వాత స్త్రీలలోనూ ఇది ఎక్కువవుతుంది, కానీ గురక గురించి చెప్పుకోవడానికి వారు సిగ్గుపడతారు. ఒకామెకు జబ్బు తెలిసింది కూతురు ఫోనులో రికార్డు చేసి తెచ్చి వినిపించడం వల్లే. నేను లెక్కపెట్టాను, ఊపిరి పన్నెండు సెకన్లు ఆగింది.

అపోహ: రాత్రి కాళ్లు లాగడం పగటి చాకిరీ వల్లే.

వాస్తవం: పడుకోగానే కాళ్లలో ఏదో పాకినట్టుండి, కదిపితే నెమ్మదించేది వేరే సమస్య. గర్భిణులలో, ఒంట్లో ఇనుము తక్కువైనవారిలో, కిడ్నీ జబ్బు ఉన్నవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా జిల్లా ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చినవారు ఎవరైనా ఈ మాట చెబితే, నిద్ర సంగతి తర్వాత, ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష రాస్తాను.