సరిహద్దు కంటే ముందు పుట్టిన బడి

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం వైపు తెలుగిళ్లలో పిల్లల్ని బడిలో చేర్చే రోజులొస్తే ఒకటే టెన్షన్. తెలుగు మీడియంలో వేస్తే టీచరు ఉంటారా? పై తరగతులకు ఎటు పంపాలి? ఈ మాట ఎత్తగానే, ఒడిశాకు వచ్చి తెలుగు బడి అడగడమేమిటని కొందరంటారు. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామంది ఎక్కడి నుంచీ రాలేదు. వాళ్ల బడి ముందు నుంచీ ఉంది, సరిహద్దే తర్వాత వచ్చింది.

గంజాం అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోని జిల్లా, శ్రీకాకుళం కూడా అందులోదే. 1854 తర్వాత ప్రైవేటు బళ్లకు సర్కారు గ్రాంటు ఇవ్వడం మొదలైంది. మిషన్ బళ్లలో చదువు బాగుండేది కానీ, అక్కడ బైబిలు పాఠం కూడా ఉండటంతో హిందూ తల్లిదండ్రులు జంకేవారు. దాంతో చాలా ఊళ్లలో పెద్దలు సొంతంగా మగపిల్లల బళ్లు పెట్టారు. మద్రాసు తిరువల్లిక్కేణిలో 1852-53 ప్రాంతంలో తెలుగు పిల్లలకొకటి, తమిళ పిల్లలకొకటి మొదలైన బళ్లు తర్వాత కలిసిపోయి, 1897లో హిందూ హైస్కూలు అయ్యాయి. ఇటు గంజాంలో జమీందార్ల డబ్బే ఎక్కువగా ఆదుకుంది. బరంపురంలో 1856 నాటి జిల్లా స్కూలు 1878లో కాలేజీగా ఎదిగింది, 1893లో ఖల్లికోట రాజా పేరు పెట్టుకుంది.

పర్లాకిమిడిలో రాజావారి హైస్కూలు ఉండేది. 1880లో ముప్పై రూపాయల జీతం మీద అక్కడ చరిత్ర చెప్పడానికి చేరిన కుర్రాడు గిడుగు వెంకట రామమూర్తి. ముప్పై ఏళ్ల పైచిలుకు ఆ ఊళ్లోనే, ముందు స్కూల్లో, తర్వాత కాలేజీలో పాఠాలు చెప్పి 1911లో కొలువు వదిలారు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. నాకు అంతకన్నా గొప్పగా కనిపించేది అక్కడి కొండల్లోని సవర గిరిజనుల పిల్లల కోసం ఆయన చేసిన పని. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవరలో వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బళ్లు నడిపారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారు. పిల్లవాడికి ఇంటి భాషలోనే చదువు మొదలవ్వాలన్న వాదన ఈ సరిహద్దు ఊళ్లో నూరేళ్ల కిందే ఆచరణలోకి వచ్చింది.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఆ రోజుల్లో గంజాం ఒడియావాళ్లకూ ఇదే బాధ ఉండేది. బళ్లలో, సర్కారు కచేరీల్లో తెలుగుదే పైచేయి, తమ భాషకు చోటు లేదని దశాబ్దాల పాటు మొరపెట్టుకున్నారు. ఒడియా ప్రాంతాలన్నీ ఒక్కటి కావాలని కోరిన ఉత్కళ సమ్మిళని అనే సంఘం 1903లో పుట్టడానికి గంజాం ఒడియాల ఆవేదన పెద్ద కారణం. అది న్యాయమైన ఆవేదన. అలాంటప్పుడు ఈనాటి తెలుగు పిల్లల బాధ ఒడియా సోదరులకు అర్థం కాకుండా పోదు.

ఒడియావాళ్లకు వేరే రాష్ట్రం ఇవ్వడం కోసం 1931-32లో ప్రభుత్వం వేసిన ఓడొనెల్ కమిటీ సరిహద్దులు పరిశీలించింది. వాదోపవాదాల మధ్య పర్లాకిమిడి జమీందారీని రెండు ముక్కలు చేశారు. 1936 ఏప్రిల్ 1న కొత్త రాష్ట్రం ఏర్పడినప్పుడు ఊరు ఒడిశాకు వెళ్లింది, పాతపట్నం వైపు మద్రాసులోనే ఉండిపోయింది. డెబ్బై దాటిన గిడుగు ఊరు విడిచి రాజమండ్రి చేరారు. ఆయన వెళ్లగలిగారు. అలా కదల్లేని తెలుగు కుటుంబాలు వేలల్లో అక్కడే ఉండిపోయాయి.

ఆ తర్వాత రక్షణలు వచ్చాయి. రాష్ట్ర భాష కాని వేరే మాతృభాష పిల్లలు స్కూలు మొత్తమ్మీద 40 మంది గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ ఉంటే ఆ భాష టీచర్ని ఇవ్వాలని 1949లో విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. 1956లో రాజ్యాంగంలో, భాషా మైనారిటీల పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పించాలనే 350ఎ అధికరణం చేరింది. కానీ అది చెప్పేది ప్రాథమిక దశ గురించే. అసలు చిక్కు హైస్కూల్లో మొదలవుతుంది. పైన తెలుగు దొరకదని తెలిసిన తల్లిదండ్రులు కింది తరగతుల్లోనే పిల్లల్ని ఒడియాకో ఇంగ్లీషుకో మార్చేస్తారు. ఒడిశాలో ఉద్యోగానికి ఒడియా కావాలి కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. అలా తరగతిలో పదిమంది కంటే తగ్గితే టీచరు పోస్టు ప్రశ్నలో పడుతుంది, టీచరు లేకపోతే మరుసటి ఏడు ఇంకా తక్కువమంది చేరతారు.

అందుకే పిల్లల తలలు లెక్కపెట్టే ముందు ఖాళీ పోస్టులు నింపమని అడగాలి. తెలుగు మీడియం పిల్లలకు మొదటి నుంచే ఒడియా గట్టిగా నేర్పమని కూడా అడగాలి. అప్పుడే తల్లిదండ్రులు తెలుగు తరగతికి ధైర్యంగా పేరు రాయిస్తారు.